మాఫీ అంటే లేదు, బాకీ అంటే చిల్లర

(రేడియో ప్రసంగ పాఠం)

నేను ఖైతాన్‌లో ఉంటాను. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌గా పని. జీతాల లెక్కలు, సెలవుల లెక్కలు చూసే ప్రోగ్రాములను అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ నడిచేటట్టు చేయడం నా రోజువారీ వ్యవహారం. అంచేత మాటలతో కాస్త కుస్తీ పట్టక తప్పదు. ఈరోజు ఆ కుస్తీ గురించే నాలుగు మాటలు చెబుతాను.

విషయం చిన్నదే. ఒకే మాటకి సందర్భాన్నిబట్టి రెండు మూడు అర్థాలు ఉండటం. బళ్ళో మనం నానార్థాలు అని బట్టీ పట్టాం, పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకున్నాం, మరిచిపోయాం. కానీ పరాయి దేశంలో ఈ నానార్థాలు రెండు మార్కులతో పోవు. ఒక్కోసారి రెండు నెలల జీతం పోతుంది. అది ఎలాగో తర్వాత చెబుతాను.

ముందు ఖైతాన్ గురించి ఒక మాట. తెలియనివారి కోసం చెబుతున్నా. ఇది ఫర్వానియా గవర్నరేట్‌లో, ఎయిర్‌పోర్టుకి దగ్గరగా ఉండే పేట. కింద బకాలా, పక్కన సెలూన్, పైన నాలుగైదు అంతస్తుల్లో మనవాళ్ళు, మలయాళీలు, ఈజిప్టువాళ్ళు, బంగ్లాదేశ్‌వాళ్ళు. పొద్దున పాల ప్యాకెట్ కోసం కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చేలోపల నాలుగు భాషలు చెవిన పడతాయి. కడప యాస, గోదావరి యాస, దుకాణం హిందీ, రకరకాల అరబిక్. ఇన్ని భాషలు ఒకే మెట్లమీద ఎక్కి దిగుతుంటే మాటలు ఒకదాన్నొకటి రాసుకోకుండా ఉంటాయా?

ఇది ఒక్క అరబ్బు దేశాల సంగతే కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు చాలామంది స్కూల్లో స్పానిష్ తీసుకుంటారు. వాళ్ళనడగండి, చెబుతారు. స్పానిష్‌లో మన్యానా అంటే ఉదయం, రేపు కూడా అదే. రేపు పొద్దున అనాలంటే మన్యానా పోర్ లా మన్యానా అని ఒకే మాట రెండుసార్లు వాడాలి. బాంకో అంటే బ్యాంకు, పార్కులో కూర్చునే బల్ల కూడా. మున్యేకా అంటే బొమ్మ, మణికట్టు కూడా. తియెంపో అంటే కాలం, వాతావరణం కూడా. ఎస్పెరార్ అనే క్రియ చూడండి. ఎదురు చూడటం, ఆశపడటం, జరుగుతుందని అనుకోవడం, ఈ మూడింటికీ ఆ ఒక్కమాటే. గల్ఫ్‌లో మనిషిని ఉంచి ఊళ్ళో ఎదురుచూసే మన ఇళ్ళవాళ్ళకి ఆ మాట బాగా సరిపోతుందని నాకనిపిస్తుంది. మనకి ఎదురుచూపు, ఆశ వేరు వేరు మాటలు గానీ, ఇంట్లో అవి విడిగా ఉండవు కదా.

అదే స్పానిష్‌లో ఒహలా అని ఇంకో మాట ఉంది. అలా జరిగితే బాగుండును అని అర్థం. అది అరబిక్ నుంచి వెళ్ళింది. దేవుడు తలిస్తే అనే అర్థం ఉన్న అరబిక్ పలుకుబడే స్పెయిన్‌లో నోళ్ళలో నలిగి అలా అయింది. 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ఏదో ఒక భాగంలో అరబ్బుల, ముస్లింల పాలన ఉంది కాబట్టి వేల మాటలు అటు వెళ్ళాయి. మనం ఇక్కడ రోజూ వినే ఇన్షా అల్లాకి అది చుట్టమే. ఇన్షా అల్లా సంగతి మీకు తెలుసు. అనే గొంతుని బట్టి తప్పకుండా అనీ కావచ్చు, చూద్దాంలే అనీ కావచ్చు, ఇక అడక్కు అనీ కావచ్చు.

మన భాష మాత్రం తక్కువ తిందా? చెప్పు అంటే కాలికి వేసుకునేది, నోటితో చేసేది. పాలు అంటే తాగేవి, పంచుకునేవి కూడా. వాడు అంటే ఆ మనిషి, ఉపయోగించు, వాడిపోవు. ఇవి చాలనట్టు పింగళి సూరన గారు 16వ శతాబ్దంలోనే రాఘవపాండవీయం రాశారు. అవే పద్యాలు ఒకలా చదివితే రామాయణం, ఇంకోలా చదివితే భారతం. మనవాళ్ళు నానార్థాలతో కావ్యాలే కట్టారు గానీ వాటికి భయపడలేదు.

అసలు ఏ అర్థం ఎక్కడ తీసుకోవాలో కూడా మన పెద్దలు లెక్కగా చెప్పారు. శాస్త్రాల్లో ఒక పాత ఉదాహరణ ఉంది. సైంధవం తీసుకురా అని యజమాని అన్నాడు. సైంధవం అంటే సింధు దేశపు ఉప్పు, సింధు దేశపు గుర్రం కూడా. భోంచేస్తూ అంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి సిద్ధమై అంటే గుర్రం తేవాలి. విస్తరి ముందు గుర్రాన్ని నిలబెడితే ఉద్యోగం పోయినట్టే. భర్తృహరి తన వాక్యపదీయంలో అర్థాన్ని తేల్చే ఆధారాల జాబితా ఒకటి ఇచ్చాడు. పక్కన ఏ మాట ఉంది, దేనితో జోడీ కట్టింది, ఎవరితో విరోధం, ఏ సందర్భం, ఏ చోటు, ఏ కాలం, చివరికి ఏ స్వరం, ఇవన్నీ అందులో ఉన్నాయి. రాముడు అని ఊరికే అంటే ఏ రాముడో తెలియదు. రామలక్ష్మణులు అంటే దశరథుడి కొడుకు. రాముడు, కార్తవీర్యార్జునుడు అని పక్కపక్కన పెడితే పరశురాముడు. పక్కన ఎవరున్నారో చూడు అన్నది సూత్రం. ఈ సూత్రం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఇహ కువైట్‌కి వద్దాం. ఇక్కడ మనకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పూర్తిగా తెలియని మాట అయితే మనిషి జాగ్రత్తపడతాడు, ఇంకొకర్ని అడుగుతాడు. తెలిసిన మాటలా వినిపించినప్పుడే ఇబ్బంది. మన తెలుగులో అరబిక్ మాటలు వందల ఏళ్ళుగా ఉన్నాయి. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో, ఆ తర్వాత నిజాముల కాలంలో కచేరీలు పారసీకంలో నడిచాయి. పారసీకంలో ఉన్న అరబిక్ మాటలు ఆ కచేరీల నుంచి, ఆ పైన ఉర్దూ నుంచి మన ఊళ్ళలోకి దిగాయి. దిగిన తర్వాత అర్థం మార్చుకున్నాయి. మనం విమానం దిగేసరికి ఆ మాటల పుట్టింటివాళ్ళు ఇక్కడ పాత అర్థాలతో కూర్చుని ఉన్నారు.

బాకీ తీసుకోండి. మనకి బాకీ అంటే అప్పు. అరబిక్‌లో మిగిలినది అని. బకాలాలో అర దీనార్ ఇచ్చి లబన్ ప్యాకెట్ కొంటే, మిగతా చిల్లర చేతిలో పెడుతూ అదే మాట అంటాడు. కొత్తగా వచ్చినవాడు, నేను నీకు బాకీ ఏమిటయ్యా, డబ్బులిచ్చాను కదా అని తెల్లబోతాడు. నిజానికి మన మాటలో కూడా లోపల ఉన్నది మిగిలిపోయినది అనే అర్థమే. ఇవ్వకుండా మిగిలింది మనకి బాకీ, ఇచ్చిన తర్వాత మిగిలింది వాళ్ళకి బాకీ.

రకం చూడండి. మనకి రకం అంటే తీరు, కోవ. అరబిక్‌లో రకమ్ అంటే అంకె, నంబరు. కువైటీలు రగమ్ అంటారు. ఆస్పత్రి కౌంటర్లో రగమ్ అని అడిగితే ఏ రకం జబ్బు అని కాదు, నీ టోకెన్ నంబరెంత అని. సివిల్ ఐడీ మీద 12 అంకెల నంబరు పక్కన రాసి ఉండేది ఈ మాటే.

ఎయిర్‌పోర్టులో వుసూల్ అని పెద్ద బోర్డు ఉంటుంది. వసూలు అనుకుని జేబు తడుముకోనక్కరలేదు. వుసూల్ అంటే చేరుకోవడం, రాక. విమానాలు దిగేచోటు. రావలసిన డబ్బు చేరితే మనకి వసూలు అయింది. వాళ్ళకి మనిషి చేరినా వుసూలే. రద్దు అంటే మనకి కొట్టివేయడం. ఇక్కడ రద్ద్ అంటే జవాబు. దరఖాస్తు పెట్టినవాడికి గుమాస్తా, ఇంకా రద్ద్ రాలేదు అంటే, ఇంకా జవాబు రాలేదు అన్నాడు, అంతే. తాకీదు మనకి పైనుంచి వచ్చే ఉత్తరువు. వాళ్ళకి తాకీద్ అంటే ఖాయం చేయడం, విమానం టిక్కెట్టు కన్‌ఫర్మ్ చేయడం లాంటిది. గరీబు మనకి పేదవాడు, అరబిక్‌లో కొత్తవాడు, పరాయివాడు, వింతైనది. మహల్ మనకి రాజుగారి భవనం, ఇక్కడ సందు చివర సెల్‌ఫోన్ కవర్లు అమ్మే కొట్టు కూడా మహలే. మన ఊళ్ళలో షరాబు బజార్లు ఉన్నాయి కదా, ఆ షరాబు అసలు రూపం సర్రాఫ్, డబ్బు మార్చేవాడు. ఇప్పుడు ఏటీఎంని సర్రాఫ్ ఆలీ అంటారు, అంటే యంత్రపు షరాబు.

హవాలా సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పుకోవాలి. తెలుగు పేపర్లో హవాలా అంటే దొంగ దారిన పంపే డబ్బు. ఇక్కడ ఎక్స్ఛేంజ్ కౌంటర్లో రసీదు మీద హవాలా అని ఉంటే అది మామూలుగా, చట్టప్రకారం డబ్బు పంపినందుకు ఇచ్చిన కాగితం. అరబిక్‌లో ఆ మాటకి బదిలీ అనే అర్థం. రసీదు ఫోటో ఇంటికి పంపితే, ఏంట్రా హవాలాలో పంపుతున్నావా అని ఊళ్ళో పెద్దాయన కంగారు పడ్డ సందర్భం నాకు తెలుసు. రెండు దేశాల్లో ఒకే మాట, ఒకచోట రసీదు, ఇంకోచోట కేసు.

మామ మాట కూడా చెప్పాలి. కువైటీ ఇళ్ళలో పనిచేసే మన అక్కచెల్లెళ్ళు ఇంటి యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలుస్తారు. అలవాటైపోయి ఊరికి ఫోన్ చేసినప్పుడు కూడా అదే మాట వస్తుంది. మామ కొత్త చీర కొనిచ్చింది, మామ తిట్టింది అంటుంటే ఊళ్ళో వినేవాళ్ళకి మామ ఆడమనిషి ఎలా అయ్యాడో అర్థం కాదు. చిన్నపిల్లలైతే, అమ్మా నీకు అక్కడ మామ ఎవరే అని అడుగుతారు. నవ్వుకునే మాటే గానీ, ఆ పిల్ల ఇక్కడ ఎవరింట్లో, ఎవరి మాట కింద బతుకుతోందో ఊళ్ళోవాళ్ళకి సరిగ్గా తెలియకపోవడం నవ్వుకునే సంగతి కాదు. మామ అంటే ఎవరు, బాబా అంటే ఎవరు, వాళ్ళ ఇల్లు ఏ పేటలో ఉంది, ఇది ఇంట్లోవాళ్ళు ఒకసారి కూర్చుని అడిగి రాసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద మాట మాఫీ. మన రైతుకి మాఫీ అంటే ఎంత తీపి మాటో మీకు తెలుసు. 2014 ఎన్నికల తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రుణమాఫీ మాటే. ఆ మాట చెవిలో పెట్టుకుని ఇక్కడికి వచ్చినవాడికి మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఫులూస్ మాఫీ అంటారు. ఫులూస్ అంటే డబ్బులు. డబ్బులు మాఫీ చేశారు కాబోలు అనుకుంటాడు. కానీ ఇక్కడ మాఫీ అంటే లేదు అని. మా అంటే కాదు, ఫీ అంటే ఉంది. రెండూ కలిస్తే లేదు. షుగల్ మాఫీ, పని లేదు. ఫులూస్ మాఫీ, డబ్బు లేదు. మన మాఫీకి ఈ మాఫీకి అసలు చుట్టరికం లేదు, వినడానికి మాత్రమే ఒకటి.

మన మాఫీకి నిజమైన చుట్టం వేరే ఉంది. అది అఫ్వ్. క్షమించడం అని. మన మాఫీ ఆ ధాతువు నుంచే పుట్టింది. అఫ్వన్ అనే మాట ఇక్కడ రోజుకి పదిసార్లు వింటాం. షుక్రన్ అని మనం అంటే, అఫ్వన్ అంటారు, అంటే ఫరవాలేదు అని. లిఫ్టులో కాలు తొక్కినా అఫ్వన్ అంటారు, అంటే క్షమించండి అని. అదే అఫ్వ్ పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తే ఇంకో అర్థం. 2018 జనవరిలో, 2020 ఏప్రిల్‌లో, 2024 మార్చి 17 నుంచి జూన్ దాకా, అకామా లేకుండా ఉండిపోయినవారికి కువైట్ ప్రభుత్వం ఇచ్చిన అవకాశం అది. మన పేపర్లు క్షమాభిక్ష అని రాశాయి. ఊళ్ళో క్షమాభిక్ష అంటే ఉరిశిక్ష పడ్డవాడు రాష్ట్రపతిని అడిగేది. ఇక్కడ కడప, గోదావరి జిల్లాల మనుషులు మూటాముల్లే సర్దుకుని ఎన్నేళ్ళ తర్వాతో ఇంటికి వెళ్ళిన దారి. లిఫ్టులో కాలు తొక్కినప్పుడు అనే మాటే అది.

కడప మాట వచ్చింది గనుక ఇంకొకటి చెప్పాలి. ఈ అరబిక్, పారసీక, హిందుస్తానీ మాటలు తెలుగులో ఎలా వాడుతున్నారో విడిగా నిఘంటువు వేసిన మనిషి సి.పి. బ్రౌన్. ఆయన ఉద్యోగానికి కడప వచ్చింది 1820లో. తెలుగులో వాడే మిశ్రభాషా పదాలకి ఆయన వేసిన నిఘంటువు 1854లో అచ్చయింది. కచేరీ కాగితాల్లో ఈ మాటలు అర్థం కాక దొరలు తికమక పడుతున్నారని ఆ పని పెట్టుకున్నారు. అప్పుడు కడప కచేరీలో దొరకి వచ్చిన చిక్కే ఇప్పుడు కువైట్ కచేరీలో కడప మనిషికి వస్తోంది. ఆయన చేతిలో అధికారం ఉంది, మునిషీలు ఉన్నారు. మనవాడి చేతిలో ఒక సెల్‌ఫోన్ ఉంది.

ఇప్పటిదాకా రెండు భాషల మధ్య చిక్కు. ఒక్క అరబిక్‌లోనే ఒక మాటకి చోటుని బట్టి అర్థం మారడం ఇంకో సంగతి. ఖాదిమ్ అంటే సేవకుడు. 20వ నంబర్ వీసాని, అంటే ఇంటిపని వీసాని మనవాళ్ళు ఖాదిమ్ వీసా అంటారు. కంపెనీలో పనిచేసే 18వ నంబర్ వీసాని షూన్ వీసా అంటారు. ఇక్కడ ఖాదిమ్ అంటే కొందరు చులకనగా చూస్తారు. కానీ 1986 నుంచి సౌదీ రాజుగారి బిరుదులో మొదటి మాట అదే. రెండు పవిత్ర మసీదుల సేవకుడు అని. మాట ఒకటే, ఎవరి పేరు ముందు ఉందో దాన్నిబట్టి గౌరవం.

గాయబ్ అంటే మనకి మాయమైపోవడం. మా పాప స్కూల్లో అరబిక్ టీచరు హాజరు పట్టీలో గాయిబ్ అని రాస్తే ఆరోజు బడికి రాలేదని. అదే ధాతువు నుంచి వచ్చిన తగయ్యుబ్ అనే మాట పనివాడి పేరు మీద పోలీసు రికార్డులోకి ఎక్కితే, పని వదిలి పారిపోయాడని. మాటకి అర్థం రాలేదు అనే, రెండుచోట్లా. ఒకచోట మర్నాడు అమ్మ చీటీ రాసిస్తే సరిపోతుంది. రెండోచోట ఆ మనిషి దేశం దాటడానికి కూడా ఇబ్బందే.

ఖలాస్ సంగతి అందరికీ తెలుసు. అయిపోయింది, చాలు, ఒప్పుకున్నాం, ఇక మాట్లాడకు, నీ పని ఇక్కడితో సరి. పనమ్మాయి గిన్నెలు కడిగి ఖలాస్ అంటే పని అయింది. యజమాని సూట్‌కేసు చూపించి ఖలాస్ అంటే ఉద్యోగం అయింది. ఇక్కడ పక్కన మాట కూడా ఉండదు. గొంతు, చెయ్యి, ముఖం చూసే తెలుసుకోవాలి. భర్తృహరి జాబితాలో స్వరం ఎందుకుందో ఇలాంటప్పుడు అర్థమవుతుంది.

నా పనిలో ఎక్కువ తలనొప్పి తెచ్చే మాట ముకాఫఆ. దానికి బహుమానం అని అర్థం. పండక్కి ఇచ్చే బోనసు ముకాఫఆ. ఉద్యోగం ముగిసినప్పుడు చట్టప్రకారం ఇవ్వాల్సిన సర్వీసు డబ్బు కూడా ముకాఫఆనే, సర్వీసు ముగింపు ముకాఫఆ అంటారు. మొదటిది యజమాని ఇష్టం. రెండోది ఇష్టం కాదు, హక్కు. 2010లో వచ్చిన 6వ నంబర్ కార్మిక చట్టం ప్రకారం నెలజీతం మీద పనిచేసేవారికి మొదటి 5 ఏళ్ళకి ఏడాదికి 15 రోజుల జీతం, ఆపైన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం, మొత్తం ఏడాదిన్నర జీతం మించకుండా లెక్క కడతారు. రసీదులో ముకాఫఆ అందింది అని మాత్రమే ఉంటే అది ఏ ముకాఫఆ? పండగ బోనసు తీసుకుని సంతకం చేసినవాడు, ఆ తర్వాత సర్వీసు డబ్బు అడిగితే, తీసుకున్నావుగా అనిపించుకునే ప్రమాదం ఉంది. ముగింపు అనే ఒక్క మాట పక్కన ఉందా లేదా చూసుకోవాలి.

మొదట్లో రెండు నెలల జీతం అన్నాను. ఆ సంగతి ఇప్పుడు చెబుతాను. 2024 జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 దాకా కువైట్‌లో ఇంటిపని వీసా నుంచి కంపెనీ వీసాకి మారే అవకాశం ఇచ్చారు. కఫీల్ ఒప్పుకోవాలి, ఆ కఫీల్ దగ్గర ఏడాది పూర్తి కావాలి. కఫీల్ ఇచ్చే ఆ ఒప్పుదలని అందరూ తనాజుల్ అనేవారు. ఖైతాన్‌లో ఆ రెండు నెలలూ ఎక్కడ విన్నా తనాజుల్ దొరికిందా, తనాజుల్ ఇస్తాడా అన్న మాటే. మా బిల్డింగ్‌లో ఉండే పెద్దాయన ఒకాయన ఇంటి డ్రైవర్. ఒకరోజు సాయంత్రం అరబిక్ కాగితం పట్టుకుని వచ్చి, తనాజుల్ ఇచ్చినారు నాయనా, సంతకం పెట్టి రేపు తెచ్చియ్యమన్నారు, ఒక్కసారి చూసి చెప్పు అన్నారు. ముఖంలో పండగ.

కాగితం పైన తనాజుల్ అనే ఉంది. ఆయనకి ఆ అక్షరాల ఆకారం గుర్తు, ఎందుకంటే వారం రోజులుగా అందరి ఫోన్లలో అదే చూస్తున్నారు. కానీ తనాజుల్ అంటే వదులుకోవడం. ఎవరు వదులుకుంటున్నారు, దేన్ని వదులుకుంటున్నారు అన్నది తర్వాతి మాటలో ఉంటుంది. ఆ కాగితంలో వదులుకుంటున్నది కఫీల్ కాదు, ఈయన. తర్వాతి మాట ముస్తహక్కాత్. అంటే రావలసిన బకాయిలు. నాకు రావలసిన బకాయిలన్నీ వదులుకుంటున్నాను, ఇక ఏమీ అడగను అని ఆ కాగితం సారాంశం. ఆయనకి అప్పటికి మూడు నెలల జీతం రావాలి.

నా చదువు మీద నమ్మకం పెట్టుకోకుండా అరబిక్ బాగా తెలిసిన ఇంకొకరికి కూడా చూపించాం. ఆయనా అదే చెప్పాడు. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వీసా మారాల అంటే జీతం వదులుకోవాలనా, లేకపోతే ఆయప్పకే సరిగ్గా తెలియక రాయించినాడా అని అడిగారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. టైపింగ్ సెంటర్లో పాత నమూనా ఏదో తీసి ఇచ్చి ఉండొచ్చు, తెలిసే చేసి ఉండొచ్చు. మర్నాడు ఆయన సంతకం చేయకుండానే వెళ్ళి, రెండు కాగితాలు వేరువేరుగా కావాలని మర్యాదగానే అడిగారు. వీసా మార్పు ఒప్పుదల ఒకటి, జీతం లెక్క ఒకటి. నాలుగు రోజులు తిప్పించుకున్నారు. చివరికి వీసా కాగితం వచ్చింది, రెండు నెలల జీతం చేతికి వచ్చింది. మూడో నెలది బాకీ. ఇది మన అర్థంలో బాకీ.

ఆరోజు ఆయన ఫోన్‌లో అనువాదం చేసే యాప్ లేకపోలేదు. దాంట్లో పైన ఉన్న ఒక్క మాటే కొట్టి చూసుకున్నారు. అది ఏదో ఒక అర్థం ఇచ్చింది. యంత్రాలకి కూడా ఈ చిక్కు పుట్టినప్పటి నుంచీ ఉంది. 1949లో వారెన్ వీవర్ అనే అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు యంత్రంతో అనువాదం గురించి ఒక పత్రం రాశాడు. అందులో ఆయన చెప్పింది ఇది. పుస్తకం పేజీ మీద చిన్న కన్నం ఉన్న అట్ట పెట్టి, ఆ కన్నంలోంచి ఒక్క మాటే చూస్తే దాని అర్థం తేల్చలేవు. కన్నం పెంచి అటు నాలుగు మాటలు, ఇటు నాలుగు మాటలు కనపడనిస్తే తేల్చగలవు. 1960లో బార్ హిల్లెల్ అనే పండితుడు, ఒక్కోసారి అదీ చాలదన్నాడు. పెట్టె పెన్‌లో ఉంది అనే ఇంగ్లీషు వాక్యం చూపించాడు. ఇంగ్లీషులో పెన్ అంటే రాసే కలం, చిన్నపిల్లలు ఆడుకోవడానికి కట్టే దడి కూడా. కలంలో పెట్టె పట్టదని మనిషికి తెలుసు, యంత్రానికి ఎలా తెలుస్తుంది అని ఆయన ప్రశ్న. ఇప్పటి యంత్రాలు చాలా మెరుగయ్యాయి, వాక్యం మొత్తాన్ని చూసి అర్థం తేలుస్తాయి. కానీ మనం దానికి ఒక్క మాటే ఇస్తే అదేం చేస్తుంది? కన్నం మనమే చిన్నది చేసి ఇచ్చాం.

అరబిక్‌లో ఇంకో ఇబ్బంది, మామూలు రాతలో పొట్టి అచ్చులు రాయరు. మద్రసా, అంటే బడి. ముదర్రిసా, అంటే టీచరమ్మ. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. పక్కన మాటలు చూసే చదువుకోవాలి. అరబ్బులకి అది పుట్టుకతో వచ్చిన అలవాటు. మనకి ఆ అలవాటు లేదు, అంచేత నేను చెప్పేది మూడు సంగతులు.

మొదటిది. తెలిసిన మాటలా వినిపించిన ప్రతి మాటనీ అనుమానించండి. తెలియని మాట కన్నా తెలిసినట్టున్న మాట దగ్గర ఎక్కువసేపు ఆగండి. రెండోది. కాగితం మీద ఒక్క మాట కాదు, మొత్తం వాక్యం చదివించుకోండి. ఎవరు, దేన్ని, ఎప్పటి నుంచి అనే మూడు ప్రశ్నలకి జవాబు వచ్చేదాకా కలం తీయొద్దు. ఫోన్‌లో అయితే పేజీ మొత్తాన్ని ఫోటో తీసి చూడండి, ఆ తర్వాత మనిషికి చూపించండి. మూడోది. కార్మిక చట్టం కిందకి వచ్చే ఉద్యోగ ఒప్పందంలో అరబిక్ పక్కన వేరే భాష అనువాదం ఉన్నా, తేడా వస్తే చెల్లేది అరబిక్ పాఠమే. 2010 చట్టంలోనే ఆ మాట ఉంది. ఇంగ్లీషు వైపు బాగుందని సంతకం చేయకండి.

ఊళ్ళో ఉండి వింటున్న కుటుంబాలకి కూడా ఒక మనవి. మీవాడు ఫోన్లో అకామా, తనాజుల్, ఖలాస్ అన్నప్పుడు సరే సరే అని ఊరుకోకండి. అంటే ఏమిటి నాయనా, తెలుగులో చెప్పు అని అడగండి. తెలుగులో చెప్పాలంటే వాడు ముందు దాని అర్థం తేల్చుకోవాలి. చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది, వాడికీ సగమే తెలుసని. అమ్మ అడిగిన ప్రశ్న వల్ల కాగితం మళ్ళీ చదివించుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇలాంటి మాటలు మీకు తగిలితే రేడియోకి రాసి పంపండి. ఏ ఊళ్ళో, ఏ సందర్భంలో విన్నారో కూడా రాయండి, ఎందుకంటే సందర్భం లేకపోతే మాట సగమే.

అరబిక్‌లో ఇజాజా అని ఒక మాట ఉంది. సెలవు, అనుమతి, చదువు పూర్తయిందని గురువు ఇచ్చే పట్టా, అన్నీ అదే. మన సెలవు కూడా తక్కువది కాదు. బడి సెలవు, పెద్దలు సెలవియ్యడం, అంటే చెప్పడం, ఆజ్ఞాపించడం, చివరికి వెళ్ళొస్తానని చెప్పడం. ఇక్కడ డ్యూటీల్లో ఉన్న మన అన్నలకి, అక్కలకి ఈ సంవత్సరం మొదటి అర్థంలో సెలవు దొరకాలని కోరుకుంటూ, నేను మాత్రం చివరి అర్థంలో సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.